పుర్రచేతి చిరుగు

"కుట్టవేటే?" అని మొగుడు గురువులు అడగడం అది నాలుగోసారి.

దబ్బనం జగ్గమ్మ చేతిలో ఉంది, దారం ఎక్కించే ఉంది, గోతాం ఒళ్ళో పరిచే ఉంది. చెయ్యి మాత్రం ఆడటం లేదు.

గది మూల చిరిగిన గోతాలు మరో పదకొండు ఉన్నాయి. రోజూ రేవునుంచి వచ్చి పడేవే, ఆమె కుట్టి తిరిగి పంపేవే. పెళ్ళయి ఏక్‌బాల్‌పూర్ బస్తీలో కాలు పెట్టిన మూడో నాటినుంచీ ఆమెకి అదే పని. రోజూ ఎవడో కూలీ తెచ్చి గుమ్మంలో పడేసి పోయేవాడు. ఇవాళ రేవు కూలీల గ్యాంగు సర్దారు సూరన్న తనే మోసుకొచ్చాడు. పదకొండూ మూల పేర్చి, పన్నెండోది చంకలోంచి తీసి ఆమె ముందు పెట్టాడు.

"ముందు దీన్ని కుట్టీయే సెల్లీ. మూడింటికి ఆపీసరొచ్చి ఎంకోరీ సేస్తాడు. ఆలోగా ఇది ఆ పదకొండిట్లో కలిసిపోవాల" అన్నాడు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఎలా తాగుతాడు మరి! ఆ ఇంటి టీలో పడే పంచదార ఎక్కడిదో అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

"ఇది ఆ గోతామే కదా?" అంది జగ్గమ్మ చివరికి.

"ఏ గోతాం?"

"ఇంతియాజు సింపినాడని కేసు పెట్టింది."

గురువులు తలుపు వైపు చూశాడు. గడియ వేసే ఉంది. "మెల్లగా మాటాడు. మనయి గోడలు కావు, తడికెలు."

"పట్టపగలు తలుపేసుకుంటేనే పదిమందికీ అనుమానం రా, ఎర్రోడా" అంది మంచం మీంచి అప్పమ్మ. గురువులు తల్లి ఆమె. రెండేళ్ళ కింద కాళ్ళు పడిపోయినా నోరు పడిపోలేదు. ముప్ఫై ఏళ్ళు గోతాలు కుట్టిన మనిషి. జగ్గమ్మకి ఆ పని నేర్పింది ఆమే. అయితే అయిదు రోజులనుంచీ ఆ నోరు కూడా తగ్గింది. పక్కింటి నసీబన్ కొడుకు ఇంతియాజ్‌ని పోలీసులు పట్టుకుపోయిన దగ్గరనుంచీ ఆ ఇంట్లో మాటలకి కరువొచ్చింది.

జగ్గమ్మ గోతాన్ని ముద్ర వైపు పైకి తిప్పి, మూతి అవతలికి పెట్టి చూసింది. చూడక్కర్లేదు నిజానికి. ఒళ్ళో పడగానే వేలికి తెలిసిపోయింది.

పాతబడి పిగిలిన గోతాం ఒక తీరు, ఎలక కొరికింది ఒక తీరు, మూటలు లాగే కూలీ కొక్కెం తగిలింది ఇంకో తీరు. కొక్కెం దిగినచోట గుండ్రంగా కన్నం పడుతుంది. అక్కణ్ణించి లాగినోడి చేతి వైపుకి చిరుగు సాగుతుంది. కుడిచేతివాడు లాగితే కుడికి పోతుంది. ఈ చిరుగు ఎడమకి పోయింది. అదీ జానెడు పోయింది. పొరపాటున తగిలిన కొక్కెం జానెడు చింపదు.

సూరన్న గ్యాంగులో పదహారు మంది. పుర్రచేతివాటం ఉన్నవాడు ఒక్కడే. చిన్నప్పుడు ఎడంచేత్తో అన్నం తింటున్నాడని అప్పమ్మ ఆ చేతికి అట్లకాడతో వాత పెట్టింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అన్నం కుడిచేత్తో తినడం అయితే వచ్చింది గానీ, కొక్కెం పట్టుకోవడం రేవు నేర్పింది. రేవులో వాతలు పెట్టేవాళ్ళు లేరు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది జగ్గమ్మ.

"ఏటి ఎన్నాళ్ళనుంచి?"

"ఊడిసిన సరుకని తెచ్చినావు. ఓడ కాళీ అయినాక కింద రాలింది ఊడుసుకుంటే గ్యాంగుదే, అది మామూలే అన్నావు. నాను నమ్మినాను."

"మామూలే. మా అయ్యకాలంనుంచీ మామూలే."

"రాలింది మామూలు. రాలగొట్టింది కాదు."

గురువులు గోడకి చేరబడి కూర్చుండిపోయాడు. బయట పొద్దుటి వాన మళ్ళీ పట్టుకుంది. రేకుల కప్పు మీద ఆ చప్పుడుకి అతని గొంతు సగమే వినిపించింది.

"ముందల రాలిందే తెచ్చినానే జగ్గీ. అమ్మతోడు. ఆ పంచదార ఓడొచ్చినాక, రాలీదాకా ఆగలేకపోనాను. రేషన్లో లేదు, బజార్లో లేదు. అమ్మ బెల్లంటీ తాగనంటాది. ఒక్క గోతాం అనుకున్నాను. కొక్కెం ఇలా అంటే సాలు, అదే రాలతాది. సూరన్న సూసి నవ్వినాడు. ఒక్కటేట్రా, నలుగురికీ అయ్యేలాగ సూడు అన్నాడు."

"ఇంతియాజు?"

"ఆడికీ వాటా ఇస్తామన్నాం. నాకొద్దు బయ్యా అన్నాడు. ఊరికే వద్దని ఊరుకుంటే బాగుణ్ణు. ఇది అరామ్, పాపపు సొమ్ము, మీరూ ముట్టుకోకండి అన్నాడు. దాంతో సూరన్నకి బయం పట్టుకుంది."

"ఆడి కొక్కెం గోతాం పక్కన ఎవులు పడేసినారు?"

గురువులు దారం ఉండ అందుకుని చుట్టసాగాడు.

"ఎవులు పడేసినారు మావా?"

గురువులు ఎడంచేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. ఇంతియాజ్ ఈ ఇంట్లో పెరిగిన వాడు. గురువులు టైఫాయిడ్‌తో పడుంటే ఇరవై రోజులు అతని బదులు డ్యూటీ చేసినవాడు. తమ్మీ, తమ్మీ అని నోరారా పిలిచి, ఆ తమ్ముడి కొక్కెమే తీసి పాడు గోతాం పక్కన పెట్టడానికి ఈ మనిషికి చెయ్యెలా వచ్చిందో! ఆ చెయ్యి కూడా ఎడమదే అయ్యుంటుంది.

"ఛీ!" అంది.

"అను. ఏటన్నా పడతాను" అన్నాడు గురువులు. "కానీ కుట్టు. ఎంకోరీదాకా దీన్ని సూరన్న కాడే ఉంచమన్నారు. ఇప్పుడు ఇది ఆపీసరు ముందుకెళ్తే నాను లోపలికి. ఈ గది సూరన్నది, సాయంత్రానికి కాళీ చెయ్యమంటాడు. ఈ వానలో అమ్మని ఏ ఫుట్‌పాత్ మీద పడుకోబెడతావు? కుట్టీసిన గోతాం సాక్ష్యం సెప్పదే. గోతామే కనపడకపోతే కేసు తేలదు. ఇంతియాజుని నాలుగు రోజులు ఉంచి వదిలేస్తారు."

"వదిలేస్తారని ఎవులన్నారు?"

"సూరన్న."

జగ్గమ్మ అత్త వైపు చూసింది. అప్పమ్మ గోడకేసి తిరిగి పడుకుంది. భుజం మాత్రం కదులుతోంది. సూరన్న మాట నీటిమీద రాతని ఆ ముగ్గురికీ తెలుసు. తెలిసీ, ఆ మాటే పట్టుకు వేలాడాలని ముగ్గురికీ ఉంది. జగ్గమ్మకీ ఉంది. అబద్ధం ఎందుకు? ఆ క్షణంలో ఆమెకి ఇంతియాజ్ మొహం కంటే సామాను పక్కన వానలో పడున్న అత్తే ఎక్కువగా కనిపించింది.

దబ్బనం దిగింది. ఒక కుట్టు. రెండోది. పని నేర్చిన చెయ్యి, ఇష్టం ఉన్నా లేకపోయినా సాగిపోతుంది. అయిదో కుట్టు పడేసరికి తలుపు చప్పుడైంది.

"జగ్గూ బేటీ!"

నసీబన్ ఖాలా గొంతు.

గురువులు గోతాన్ని లాగి పదకొండింటి కిందకి తోశాడు. జగ్గమ్మ లేచి తలుపు తీసింది. నసీబన్ తడిసిపోయి ఉంది. ఎప్పుడూ కప్పుకునే తెల్లశాలువా ఒంటికి అంటుకుపోయింది. చేతిలో జగ్గమ్మ వాళ్ళ స్టీలుగిన్నె, మీద మూత.

"నీ గిన్నె బేటీ. ఈద్ నాటిది. నా దగ్గరే ఉండిపోయింది."

ముప్ఫై ఏళ్ళుగా తెలుగువాళ్ళ మధ్య ఉన్న మనిషి, తెలుగు బాగానే వచ్చు. పొరుగింటి గిన్నె ఖాళీగా ఇవ్వకూడదన్నది ఆ వాడలో హిందువులకీ తురకలకీ ఒకటే పట్టింపు. జగ్గమ్మ మూత తీసింది. లోపల నాలుగు ఖర్జూరాలు ఉన్నాయి. కొడుకు ఠాణాలో ఉన్న అయిదో రోజున, ఇంట్లో పొయ్యి వెలగని మనిషి, వెతికి వెతికి అవి వేసి తెచ్చింది.

"ఇప్పుడెందుకు ఖాలా ఇయ్యన్నీ..."

"కూర్చోనీ" అంటూ నసీబన్ నేలమీదే చతికిలబడింది. "యూనియన్ ఆఫీసుకి వెళ్ళొచ్చాను. ఎర్రజెండా కింద బెంచీ మీద పొద్దున్నుంచీ కూర్చోబెట్టారు. చివరికి ఒక బాబు వచ్చి, మాసీ, సర్దారు ఏం రాసిస్తే మేమూ అదే అన్నాడు. అంతే."

గురువులు లుంగీ అంచు చూసుకుంటున్నాడు. తేలు కుట్టిన దొంగకి అరిచే వీలెక్కడిది?

"నిన్న ఠాణాలో నన్నూ అడిగారు" అంది నసీబన్. "సోదా చేసినప్పుడు నా ఇంట్లో పంచదార దొరికింది కదా, అదే వాడి మీద పెద్ద రుజువట. బజార్లో లేని సరుకు నీకెక్కడిదన్నారు."

జగ్గమ్మ గిన్నె కింద పెట్టింది. ఆ పంచదార ఇచ్చింది తనే. ఈద్‌కి ముందు రోజు, సేమియాకి చక్కెర లేదని ఖాలా ఉత్త చేతుల్తో రేషన్ షాపునుంచి తిరిగొస్తుంటే పిలిచి, ఈ గిన్నెతోనే తలకొట్టి కొలిచి ఇచ్చింది. పండగపూట పొరుగింట్లో తీపి ఉండాలని ఇచ్చింది.

"ఏటి సెప్పినావు ఖాలా?"

"ఏమీ చెప్పలేదు."

"నా పేరు..."

"పేరు చెబితే నీ కొడుకుని ఈ రాత్రికే పంపిస్తామన్నారు. నోటిదాకా వచ్చింది బేటీ. అబద్ధం ఆడను, నాలిక చివరిదాకా వచ్చింది. లోపలి గదిలోంచి వాడి దగ్గు వినబడుతోంది." ఆమె శాలువా కొసతో మొహం తుడుచుకుంది. "నువ్విచ్చింది ఊడ్చిన సరుకే, తప్పు కాదు, నాకు తెలుసు. వాళ్ళు వింటారా? పండగకి నువ్వు ప్రేమతో ఇచ్చింది నేను ఠాణాలో పెట్టి కొడుకుని తెచ్చుకోనా? నోరు మూసుకుని వచ్చేశాను."

అప్పమ్మ భుజం కదలడం ఆగిపోయింది.

"అందుకే నీ దగ్గరికి వచ్చాను" అంది నసీబన్. "రంజాన్లో నేను హజ్రత్ యూసుఫ్ కథ చెప్పిన రోజు గుర్తుందా?"

ఎందుకు గుర్తులేదు! మిట్టమధ్యాహ్నం ఎండలో, కుళాయి దగ్గర, నోట్లో చుక్కనీరు లేకుండా ఖాలా చెబుతుంటే ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. జగ్గమ్మ గోతాలు కుట్టుకుంటూ విన్నది. యజమాని పెళ్ళాం తలుపులన్నీ మూసి, బానిసగా ఉన్న యూసుఫ్‌ని రమ్మంది. ఆయన రాయి కాదు, దేవుడి గుర్తు కనపడకపోతే ఆయన మనసూ ఒరిగేదేనని కితాబులోనే ఉందని చెప్పింది ఖాలా. ఆయన తలుపు వైపు పరిగెత్తాడు. "మూసి ఉందని తెలిసీ పరిగెత్తాడు. మనిషి చెయ్యగలిగింది అంతే. తెరవడం ఆయన పని కాదు, దేవుడిది" అంది. ఆ ఆడమనిషి వెనకాలే వచ్చి చొక్కా పట్టుకు లాగింది. చొక్కా ముందు చిరిగితే తప్పు యూసుఫ్‌ది, వెనక చిరిగితే ఆమెది అని పెద్దమనిషొకడు తీర్పు చెప్పాడు.

అప్పుడు జగ్గమ్మే నవ్వుతూ అంది. "ఇంతేనా ఖాలా! సిరుగు సూసి మనిషిని సెప్పడం మా అత్త నాకు నేర్పిన ఇద్యే. ఏ గోతాం ఏ సెయ్యి సింపిందో కళ్ళు మూసుకుని సెప్తాను." ఆడవాళ్ళంతా భలే అన్నారు. నోరు ఊరుకోకపోతే ఇదే మరి.

"మూడింటికి నువ్వు నాతో రా" అంది నసీబన్. "ఆఫీసరుతో చెప్పు. గోతాం చూపించమను. నా కొడుకు కుడిచేతివాడు. నువ్వు చేత్తో తడిమి చెబితే చాలు, నా బిడ్డ ఇంటికొస్తాడు. వస్తావు కదూ?"

జగ్గమ్మ నోరు తెరిచింది.

"వస్తాది ఖాలా" అన్నాడు గురువులు గబుక్కున. "ఎందుకు రాదు?"

నసీబన్ లేచింది. నమాజు చేసుకుని రెండింటికి వచ్చి తీసుకెళ్తానంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"చొక్కా చూశాక కూడా ఆయన్ని జైల్లోనే వేశారు బేటీ. అందరికీ నిజం తెలిశాకే వేశారు. ఇన్నేళ్ళు ఆ కథ చెప్పాను, ఆ ముక్క దగ్గర నాకెప్పుడూ ఏడుపు రాలేదు."

ఆమె వెళ్ళగానే గురువులు గడియ వేసి, గోతాన్ని బయటికి లాగాడు. "బేగి కుట్టు. గంటంబావైనా లేదు."

జగ్గమ్మ గోతాం తీసుకుంది. దబ్బనం మొనతో మొదటి కుట్టు ఎత్తి, దారం తెంపింది.

"ఏటి సేస్తున్నావే?"

రెండోది తెంపింది.

"నీకు పిచ్చా? ఒలే!"

మూడోది, నాలుగోది, అయిదోది తెంపింది. దారం ఊడివచ్చింది. చిరుగుకి రెండు వైపులా దబ్బనం కన్నాలు వరసగా మిగిలిపోయాయి. కుట్టు విప్పితే దారం పోతుంది గానీ కన్నాలు పోవు. పని తెలిసిన ఎవరికైనా చూడగానే తెలుస్తుంది, ఎవరో దీన్ని దాచబోయారని. ఇప్పుడా గోతాం మీద మొగుడి చెయ్యి ఒక్కటే కాదు, పెళ్ళాం చెయ్యి కూడా పడింది.

"ఆవిడ నా పేరు సెప్పలేదు మావా" అంది. "కొడుకు దగ్గు ఇనపడతన్నా సెప్పలేదు. నానిచ్చిన పంచదార మావా అది."

"నీ కాళ్ళు పట్టుకుంటాను జగ్గీ." నిజంగానే పట్టుకున్నాడు. "జైల్లో నాను బతకలేను."

"ఆడు బతకగలడేటి?"

"అత్తా, నువ్వయినా సెప్పు" అంటూ జగ్గమ్మ మంచం వైపు తిరిగింది. ఆ ఇంట్లో నిజాయితీ మాట ఎప్పుడు వచ్చినా అప్పమ్మదే పెద్ద గొంతు. మేస్త్రీలనే నిలదీసిన మనిషి.

అప్పమ్మ ఇటు తిరిగింది. మొహమంతా తడి. "ఆడి సేతికి వాత పెట్టింది నానే తల్లీ. ఇంకోసారి పెట్టమనకు. నాకు ఒక్కడే." చేతులు జోడించింది. "నాను పోయినాక ఎళ్ళి సెప్పు. అందాకా ఆగు."

అత్త చేతులు జోడించడం జగ్గమ్మ పద్నాలుగేళ్ళ కాపురంలో చూడలేదు. ఇంకొక్క నిమిషం ఆ చేతుల్ని చూస్తే తను కూర్చుంటుంది, దబ్బనం అందుకుంటుంది, అది ఆమెకి తెలుసు. అందుకే చూడలేదు. గోతాన్ని గుండెకి హత్తుకుని తలుపు వైపు పరిగెత్తింది.

మూడంగల గది అది. రెండంగల్లో గురువులు అందుకున్నాడు. వెనకనుంచి రవిక పట్టుకు లాగాడు. పాత గుడ్డ, భుజం దగ్గరనుంచి నడుం దాకా బర్రుమని చిరిగింది. జగ్గమ్మ ఆగలేదు. గడియ లాగింది. తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో నసీబన్ ఉంది. తలుపు కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.

గోతాం జారి ఇద్దరి మధ్యా పడింది. ముద్ర పైకే ఉంది. ఎడమకి సాగిన చిరుగూ ఉంది, దాని పక్కన కొత్త కన్నాల వరసా ఉంది. నసీబన్ దాన్ని చూసింది. తర్వాత గురువుల్ని చూసింది. అతని ఎడంచేతిలో, వాత మచ్చ మీదుగా, రవిక గుడ్డ ముక్క వేలాడుతోంది. కథలు చెప్పే మనిషికి ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నసీబన్ తన శాలువా తీసి జగ్గమ్మ వీపు మీద కప్పింది. చిరుగు కనపడకుండా రెండు చేతులా సర్దింది. అక్కడే ఆ చెయ్యి ఆగిపోయింది.

"బేటీ" అంది. "ఈద్ నాడు నేను సేమియాలో పోసింది... నా కొడుక్కి నా చేత్తో తినిపించింది... ఇలా చింపిన గోతాందేనా?"

తలవంచుకుని ఉండిపోవచ్చు. ఆ ఒక్కటీ చెప్పకపోయినా ఎవరూ తప్పు పట్టరు.

"అవును ఖాలా" అంది జగ్గమ్మ.

వీపు మీద చెయ్యి లేచిపోయింది.

రేవులో రెండు గంటల సైరను మోగింది. నసీబన్ తలమీద ఏ ముసుగూ లేకుండా, తెల్లటి జుట్టు వానకి తడుస్తూ, సందులోకి దిగింది. రమ్మనలేదు. వద్దనలేదు. నాలుగడుగులు వేసి, మోకాలిలోతు నీళ్ళలో నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు, ముందుకీ పోలేదు.

"జగ్గీ" అని పిలిచింది లోపలినుంచి అప్పమ్మ, చిన్నపిల్ల పిలిచినట్టు.

జగ్గమ్మ వంగి గోతాన్ని తీసుకుని గుమ్మం దిగింది.